చలికీ, భయానికీ, పాటకీ రోమాలు ఒకేలా ఎందుకు నిక్కబొడుచుకుంటాయి?

సిరిమువ్వ అడిగిన ప్రశ్న

చన్నీళ్ళు మీద పడితే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. చీకట్లో వెనక ఏదో చప్పుడైనా అంతే. కచేరీలో గొంతు పై స్థాయి అందుకున్నా అంతే. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి పొత్తే లేదు, మరి ఒళ్ళు ఒకే పని ఎందుకు చేస్తుంది? పిల్లి తోక ఉబ్బడం కూడా ఇదేనా?

తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పాలి. "పూర్వం మనకు ఒళ్ళంతా బొచ్చు ఉండేది, దాని ఆనవాలు ఇది" అని ఒక్క ముక్కలో సరిపెట్టడం నాకిష్టం లేదు. చర్మం లోపల ఏం జరుగుతుందో తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి. పిల్లలకు కళ్ళారా చూపించే దారి ఉంటే అదీ చెప్పండి. ఇంకో అనుమానం: చలీ భయం ఏమీ లేకుండా ఊరికే వస్తూ ఉంటే దాన్ని జబ్బు కింద లెక్కెయ్యాలా?

నాడీపాఠం

ముందు కండరం సంగతి చూద్దాం, మిగతాదంతా దాని మీదే ఆధారపడింది.

వెంట్రుక చర్మంలోంచి నిటారుగా రాదు, ఏటవాలుగా వస్తుంది. బయట అది ఏ వైపు వాలి ఉంటుందో, లోపల ఆ వైపునే సన్నటి కండరం ఒకటి ఉంటుంది. పేరు ఆరెక్టార్ పైలై. దాని కింది కొస కుదురు (వెంట్రుక పుట్టే సన్నటి గొట్టం) మధ్యభాగంలో చిన్న ఉబ్బు దగ్గర అతుక్కుని ఉంటుంది, పై కొస పైచర్మానికి సరిగ్గా అడుగున. అది బిగిస్తే మూడు పనులు ఒకేసారి జరుగుతాయి: వాలి ఉన్న వెంట్రుక నిలబడుతుంది, కుదురు నోరు చుట్టూ ఉన్న చర్మంతో సహా పైకి లేస్తుంది, కండరం పై కొస ఉన్నచోట చర్మం కొంచెం లోపలికి గుంజుకుంటుంది. అంటే మనకు కనిపించేది బుడిపె ఒక్కటే కాదు, బుడిపె పక్కన పల్లం కూడా. ఈకలు పీకిన కోడి తోలులా కనబడటానికి కారణం ఆ ఎత్తుపల్లాలే. కండరానికీ కుదురుకీ మధ్య సందులో నూనె గ్రంథి ఉంటుంది, బిగింపుకి అది కూడా కాస్త నొక్కుకుంటుంది.

ఇది నునుపు కండరం. పేగుల్లో, రక్తనాళాల గోడల్లో ఉండే జాతి. అందుకే మనం అనుకున్నప్పుడు బిగించలేం, వద్దనుకున్నా ఆపలేం. చేతి కండరంలాగా చటుక్కున కదలదు, రావడానికి ఒకటి రెండు సెకన్లు ఆలస్యమవుతుంది, పోవడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది.

ఇక దాని వైరింగు. మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్ నుంచి ఆజ్ఞ బయల్దేరి, వెన్నుపాములో ఛాతీ, నడుము పై భాగాల నుంచి సింపథెటిక్ నాడుల్లోకి (మన ప్రమేయం లేకుండా ఒంటిని ఆపదకు సిద్ధం చేసే నాడులు) దిగుతుంది. ఆఖరి నాడీ కొస నారడ్రినలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది, కండరం మీది ఆల్ఫా-1 గ్రాహకాలు దాన్ని అందుకుంటాయి. పక్కనే ఉన్న చెమట గ్రంథికి వచ్చేదీ సింపథెటిక్ నాడే కానీ, అది వాడే రసాయనం వేరు: ఎసిటైల్‌కోలిన్. మామూలుగా చెమట ఎండకి, గగుర్పాటు చలికి. గట్టిగా భయపడితే మాత్రం రెండు తీగలూ కలిసి మోగుతాయి. చల్ల చెమటలు పట్టి రోమాలు నిక్కబొడుచుకోవడం అనేది అలా వస్తుంది.

మీ అసలు ప్రశ్నకు జవాబు కూడా ఈ వైరింగులోనే ఉంది. లోపలికి వచ్చే కబుర్లు చాలా, బయటికి పోయే తీగ ఒక్కటే. చర్మం నుంచి చలి కబురు, మెదడులో భయాన్ని పసిగట్టే అమిగ్డలా నుంచి భయం కబురు, పాట విన్నప్పుడు ఆనందం కలిగించే భాగాల నుంచి కబురు, అన్నీ ఆ సింపథెటిక్ దారినే దిగుతాయి. ఆ కండరానికి కారణం తెలియదు, ఆజ్ఞ మాత్రమే తెలుసు.

చలి విషయంలో ఒక్క మాట. చర్మంలోని చలి గ్రాహకాలు ఎంత చల్లగా ఉందన్నదానికంటే ఎంత వేగంగా చల్లబడుతోందన్నదానికి ఎక్కువ ఉలిక్కిపడతాయి. మే నెలలో స్నానం చేసి ఫ్యాను కిందికొస్తే గగుర్పాటు రావడం అందుకే. ఒంటి మీద 30 గ్రాముల నీళ్ళు మిగిలాయనుకోండి, గ్రాముకి దాదాపు 580 కేలరీల చొప్పున అవి ఆవిరవడానికి 17 కిలో కేలరీలు కావాలి. అందులో కొంత గాలి ఇస్తుంది, చాలావరకు మీ చర్మమే ఇస్తుంది, అదీ కొన్ని నిమిషాల్లో.

"పాత బొచ్చు ఆనవాలు" అనేది తప్పు కాదు, సగం జవాబు. మన ఒంటి మీద కుదుళ్ళు సుమారు 50 లక్షలు. లెక్కలో చింపాంజీకి మనం తీసిపోం. తేడా వెంట్రుకలోనే, మనవి చాలావరకు నూగు. బొచ్చు లేచి నిలబడితే మధ్యలో కదలని గాలి పొర చిక్కుతుంది, ఆ గాలే వేడిని పోనివ్వదు. నూగు ఎంత లేచినా అక్కడ గాలి నిలవదు, కాబట్టి మనిషికి ఆ లాభం సున్నా కిందే లెక్క.

మరి పనికిరాని కండరం ఇన్నాళ్ళు ఎందుకు మిగిలింది? 2020లో హార్వర్డ్‌లో యా-చీ షూ బృందం, తైవాన్‌లో సుంగ్-జాన్ లిన్ బృందం కలిసి ఎలుకల మీద చూసినదాన్ని బట్టి, సింపథెటిక్ నాడి కండరం దగ్గరే ఆగదు. వెంట్రుకను మళ్ళీ మళ్ళీ పుట్టించే మూలకణాలను కూడా చుట్టుకుని ఉంటుంది. దాన్ని అక్కడ నిలబెట్టేది ఈ కండరమే. కండరాన్ని తీసేస్తే నాడి వెనక్కి పోయింది, కొత్త వెంట్రుక రావడం ఆలస్యమైంది. చలి ఎక్కువసేపు ఉంటే నాడి ఎడతెగకుండా పనిచేసి మూలకణాలను లేపుతుంది. అంటే కొద్దిపాటి చలికి ఉన్న బొచ్చు లేస్తుంది, తెంపులేని చలికి కొత్త బొచ్చు మొలుస్తుంది. రెంటికీ ఒకటే ఏర్పాటు. మనుషుల్లోనూ దీనికి దగ్గరగా ఒకటి కనిపిస్తుంది: మగవాళ్ళ బట్టతలలో బాగా సన్నబడిన కుదుళ్ళ నుంచి ఈ కండరం ఊడిపోయి ఉంటుంది, పేనుకొరుకుడులో అతుక్కునే ఉంటుంది. పేనుకొరుకుడులో జుట్టు తిరిగి వచ్చే అవకాశం ఎక్కువన్నది తెలిసిందే.

పాడివైద్యం

పిల్లి తోక ఉబ్బడం కూడా ఇదేనండీ. అదే కండరం, అదే నాడి. పిల్లి వెన్ను మీదా, తోక మీదా లేపుతుంది, పైగా వీపు వంచి పక్కకి తిరిగి నిలబడుతుంది. ఎదుటివాడి కంటికి రెండింతలు కనబడాలని.

కుక్కలో మెడ వెనక భుజాల మీద, వెన్ను పొడవునా, తోక మొదట్లో లేస్తుంది. అది కరుస్తుందని చాలామంది అనుకుంటారు, అలా కానక్కర్లేదు. కొత్త కుక్క కనబడ్డ ఉత్సాహానికీ లేస్తుంది, బెదురుకీ లేస్తుంది. చెవులు, తోక, నోరు ఎలా ఉన్నాయో కలిపి చూడాలి. ఏమైనా ఆ సమయంలో వెనక నుంచి చెయ్యి వెయ్యడం మాత్రం తెలివైన పని కాదు.

ఏదుపంది ముళ్ళు కూడా వెంట్రుకలే, దిట్టంగా మారినవి. ముళ్ళు విసురుతుందన్నది కట్టుకథ. ముళ్ళు నిలబెట్టి, తోక దగ్గర బోలుగా ఉండే ముళ్ళను గలగలలాడించి, అప్పటికీ ఎదుటిది తగ్గకపోతే వెనక్కి వెనక్కి దూసుకొస్తుంది. గట్టిగా అతుక్కుని ఉండవు కాబట్టి గుచ్చుకున్న ముళ్ళు అక్కడే ఉండిపోతాయి.

పక్షుల ఏర్పాటు ఇంకా నయం. ఈక లేపడానికి ఒక కండరం, దించడానికి ఇంకొకటి. తెల్లవారుజామున కోడి ఉబ్బుకుని కూర్చుంటే చలి కాచుకుంటోందని అర్థం. ఎండెక్కాక కూడా ఈకలు రేగి, కళ్ళు మూసుకుని, రెక్కలు జారేసి మూల కూర్చుంటే అది జబ్బే. పచ్చటి విరేచనాలు, మెడ వంకర్లు పోవడం ఉంటే కొక్కెర తెగులు అనుమానించాలి, రెట్టలో రక్తం ఉంటే రక్తపారుడు. ముందు ఆ కోడిని మంద నుంచి వేరు చెయ్యండి, తర్వాత డాక్టర్ని పిలవండి.

పశువుల విషయంలో ఒకటి గుర్తుపెట్టుకోవాలి. గగుర్పాటు వచ్చి పోయేది. బొచ్చు రోజుల తరబడి మెరుపు లేకుండా గరుకుగా లేచే ఉంటే అది వేరు. దూడలు, మేకల్లో ఎక్కువగా పొట్టపురుగులు, కార్జపు జలగలు, మేత లోపం. పేడ పరీక్ష చేయించకుండా ఊరికే నట్టల మందు పట్టిస్తూ పోతే ఏ పురుగుకి ఏ మందో తెలియదు.

ఉన్నట్టుండి బొచ్చు లేచి వణుకుతుంటే జ్వరం చూడండి. థర్మామీటర్ కొసను ఆసనంలో గోడకి ఆనించి పట్టుకోవాలి, పాదరసానిదైతే రెండు నిమిషాలు. పేడలో గుచ్చితే తక్కువ చూపిస్తుంది, అసలు జ్వరం తెలియదు. ఆవుకి 38 నుంచి 39.3 డిగ్రీల సెల్సియస్ దాకా మామూలే, మేకకి ఇంకాస్త ఎక్కువ ఉంటుంది.

వానలో తడిసిన దూడకి బొచ్చు లేచినా లాభం లేదు, తడి బొచ్చులో గాలి నిలవదు కదా. గోనెసంచితో రుద్ది ఆరబెట్టాలి. అప్పుడే పుట్టినదైతే ఆరబెట్టడంతో పాటు మొదటి గంటల్లో ముర్రుపాలు కూడా తాగించాలి, బరువులో పదో వంతు లెక్కన. 25 కిలోల దూడకి రెండున్నర లీటర్లు, రెండు మూడు దఫాలుగా.

సిరిమువ్వ

చాలా బాగుంది, ఇద్దరికీ ధన్యవాదాలు. క్లాసులో చూపించేది ఎలాగో కూడా ఎవరైనా చెబుదురూ.

బల్లమీదిప్రయోగం

కావలసినవి: సెల్‌ఫోను, ఒక టార్చి, పల్చటి గుడ్డలో చుట్టిన ఐసు ముక్క. ఇంకేం అక్కర్లేదు.

పిల్లను కూర్చోబెట్టి ముంజేతి వెలుపలి వైపు పైకి వచ్చేలా బల్ల మీద పెట్టించండి. గదిలో లైట్లు ఆర్పండి, కిటికీ తలుపులు సగం మూయండి. టార్చిని చేతికి దాదాపు సమాంతరంగా, పక్క నుంచి వెయ్యాలి. ప్రయోగం పాడయ్యేది ఇక్కడే. పైనుంచి ట్యూబ్‌లైటు పడుతుంటే బుడిపెకి నీడ ఉండదు, నీడ లేకపోతే ఉన్న బుడిపె కూడా కనబడదు. ఫోను ఒకచోట కదలకుండా ఆనించి వీడియో మొదలుపెట్టండి. కెమెరాను చర్మానికి మరీ దగ్గరగా పెడితే ఫోకస్ కుదరదు, ఒక జానెడు దూరంలో పెట్టి జూమ్ చేసుకోండి. అప్పుడు ఐసు గుడ్డను మెడ వెనక 10, 15 సెకన్లు ఆనించి తీసెయ్యండి. అంతకంటే ఎక్కువ వద్దు.

మెడ మీద ఐసు పెడితే చేతి మీద బుడిపెలు లేవడం పిల్లల చేత గమనింపజేయాల్సిన విషయం. చలికి చర్మం దానంతట అదే ముడుచుకుంటోందని చాలామంది అనుకుంటారు. చేతికి చలే తగల్లేదు, అయినా లేచింది. ఆజ్ఞ మెదడు నుంచి తిరిగి వచ్చిందని అంతకంటే తేలిగ్గా చూపలేం. తర్వాత అరచెయ్యి చూడమనండి. అక్కడ కుదుళ్ళే లేవు కాబట్టి ఎంత చలికైనా ఏమీ రాదు.

కొందరికి అసలు రాదు, కంగారు పడక్కర్లేదు. కొందరు "జలదరించింది సార్" అంటారు కానీ వీడియోలో ఏమీ ఉండదు. లోపల కలిగే అనుభూతీ, చర్మం మీద కనబడేదీ ఎప్పుడూ జంటగా రావు. చేతికి నూనె, క్రీము ఉంటే మెరుపు ఎక్కువై బుడిపె పోల్చుకోలేం, ముందే తుడవండి. వెంటవెంటనే చేస్తే రెండోసారి, మూడోసారికి తగ్గిపోతుంది, మధ్యలో ఐదు నిమిషాలైనా ఆగండి. ఫ్యాను ముందే వేసి ఉంచితే ఐసు పెట్టకముందే బుడిపెలు ఉంటాయి, పోల్చి చూడటానికి ఏమీ మిగలదు.

ఆస్తమా ఉన్న పిల్లల మీద చెయ్యొద్దు. చలి తగిలితే దద్దుర్లు వచ్చే పిల్లల్ని కూడా ముందే అడిగి పక్కన పెట్టండి. అది వేరే సంగతి: ఎర్రగా తట్టులా లేచి, దురద పెట్టి, అరగంట పైనే ఉంటుంది. గగుర్పాటుకి ఎరుపూ దురదా ఉండవు.

ఓపీగది

జబ్బు మాటకి వస్తాను.

అన్నిటికంటే ఎక్కువగా చూసేది జ్వరం. ఒంటి వేడి ఎంత ఉండాలో నిర్ణయించే హైపోథాలమస్ ఆ గీతను 37 నుంచి 39కి జరిపిందనుకోండి. ఒళ్ళు ఇంకా 37లోనే ఉంది కాబట్టి మెదడు లెక్కలో అది చలి. చర్మానికి రక్తం తగ్గిస్తుంది, రోమాలు లేపుతుంది, చాలకపోతే వణికిస్తుంది. అందుకే జ్వరం ఎక్కేటప్పుడు దుప్పటి అడుగుతారు, దిగేటప్పుడు చెమట పడుతుంది. ఇంట్లో జరిగే పొరపాట్లు రెండు. చలి వస్తున్నప్పుడే ఐసు నీళ్ళ గుడ్డ వెయ్యడం ఒకటి: చర్మంలో రక్తనాళాలు ఇంకా ముడుచుకుని వణుకు పెరుగుతుంది. వణుకు ఆగాక కూడా మూడు దుప్పట్లు కప్పి ఉంచడం రెండోది: వేడి బయటికి పోదు. వణుకుతున్నంతసేపు పల్చగా కప్పండి, ఆగగానే తీసెయ్యండి. చలి వణుకు పావుగంట నుంచి గంట దాకా, తర్వాత కొన్ని గంటలు మంట జ్వరం, ఆపైన ఒళ్ళు తడిసేలా చెమట, ఈ వరసలో వస్తుంటే, అందులోనూ మన్యం ప్రాంతాలకు వెళ్ళొచ్చినవాళ్ళైతే, ఆ రోజే మలేరియా రక్తపరీక్ష చేయించుకోవాలి.

వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళ ఇంట్లో అందరికీ తెలియాల్సింది ఇంకొకటి ఉంది. దెబ్బ ఛాతీ ఆరో పూస దగ్గర గానీ ఆ పైన గానీ అయితే, మూత్రాశయం నిండినా, మలబద్ధకం అయినా కింది భాగం నుంచి సింపథెటిక్ నాడులు అదుపు లేకుండా రేగుతాయి. తలపోటు, దెబ్బకి పైన మొహం ఎర్రబడి చెమటలు, కింద తెల్లబోయి గగుర్పాటు. వీళ్ళ బీపీ మామూలుగానే తక్కువ, పై అంకె 90, 110 మధ్య ఉంటుంది కాబట్టి 150 చూసి ఫరవాలేదనుకోకండి. పడుకోబెట్టకూడదు. నిటారుగా కూర్చోబెట్టి కాళ్ళు కిందికి వేలాడనివ్వండి, బెల్టు, బిగుతు బట్టలు, కాలికి కట్టిన సంచి పట్టీలు వదులు చెయ్యండి, మూత్రం గొట్టం మెలిక పడిందేమో, సంచి నిండిందేమో చూడండి. రెండు మూడు నిమిషాలకోసారి బీపీ చూస్తూ ఉండాలి. దిగకపోతే 108కి ఫోన్ చెయ్యాల్సిందే.

మూర్ఛలో గగుర్పాటుగా వచ్చే రకం ఒకటి ఉంది. అర నిమిషమో, నిమిషమో ఉండి పోతుంది, తరచూ ఒంటికి ఒక పక్కనే, రోజుకి చాలాసార్లు, చలితో సంబంధం లేకుండా. దాంతోపాటు పొట్టలోంచి ఏదో పైకి లేచినట్టు ఉండటం, లేని వాసన రావడం, కాసేపు మాట అందకపోవడం ఉంటే నరాల డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. వచ్చినప్పుడు ఫోన్‌లో వీడియో తీసి పట్టుకెళ్తే డాక్టరుకి సగం పని తగ్గుతుంది.

మందులు కూడా కారణం కావచ్చు. నిలబడితే బీపీ పడిపోయేవాళ్ళకిచ్చే మిడోడ్రిన్ ఆల్ఫా-1 గ్రాహకాలనే తడుతుంది, అందుకే మాడు జిలజిలలాడటం, గగుర్పాటు దానికి మామూలే. హెరాయిన్, మార్ఫిన్, ట్రమడాల్ లాంటివి అలవాటుపడి ఒక్కసారిగా మానేసినప్పుడూ వస్తుంది. ఆ స్థితి తీవ్రత కొలిచే పట్టికలో చర్మానికే ఒక వరుస ఉంది: నునుపుగా ఉంటే 0, చేత్తో తడిమితే తెలిస్తే 3, కొట్టొచ్చినట్టు కనబడితే 5.

భుజాల కింద, తొడల మీద ఎప్పుడూ ఉండే గరుకు బుడిపెలు గగుర్పాటు కాదు, కుదురు నోట్లో కెరాటిన్ (చర్మం, గోళ్ళలో ఉండే గట్టి పదార్థం) అడ్డుపడటం. కెరటోసిస్ పైలారిస్ అంటాం. చలికాలంలో ఎక్కువవుతుంది. పీచుతో రుద్దితే ఇంకా ఎర్రబడుతుంది తప్ప పోదు. 10 నుంచి 20 శాతం యూరియా ఉన్న క్రీము స్నానం అయిన వెంటనే, ఒళ్ళు పూర్తిగా ఆరకముందే రాయండి. నునుపు రావడానికి వారాలు పడుతుంది, మానేస్తే మళ్ళీ వస్తుంది. హాని లేదు కాబట్టి వదిలేసినా తప్పు లేదు.

నాడీపాఠం

ఓపీగది గారు రాసినదానికి చిన్న చేర్పు. నీళ్ళలో పడి చనిపోయినవాళ్ళ చర్మం మీద గగుర్పాటు కనిపిస్తే "బతికుండగానే నీళ్ళలో పడ్డారు" అని తేల్చేస్తుంటారు. అది నమ్మదగ్గ ఆధారం కాదు. చనిపోయాక ఒంటి కండరాలన్నీ బిగుసుకునేటప్పుడు ఈ చిన్న కండరాలూ బిగుసుకుంటాయి, నీళ్ళతో పని లేకుండానే.

తనియావర్తనం

పాట సంగతి ఎవరూ పట్టించుకోలేదు. 2001లో మాంట్రియల్‌లో యాన్ బ్లడ్, రాబర్ట్ జటోరే పాట వింటూ జలదరించేవాళ్ళ మెదడు స్కాన్లు తీస్తే, తిండి లాంటి సుఖాలకు పనిచేసే భాగాలే వెలిగాయి. 2011లో అదే ఊళ్ళో ఇంకో మెట్టు ముందుకెళ్ళారు: ఆ ఘట్టం వస్తుందని ఎదురుచూస్తున్నప్పుడు మెదడులో ఒకచోట డోపమిన్ అనే రసాయనం విడుదలైంది, వచ్చేసినప్పుడు మరోచోట. అంటే ఎదురుచూపుకి విడిగా ఒక వాటా ఉంది. ఎక్కువగా రేపేవి ఏవంటే, ఉన్నట్టుండి ధ్వని పెరగడం, కొత్త గొంతు చేరడం, ఊహించని మలుపు. అనుపల్లవిలో పై షడ్జం అందుకున్నచోటా, తని (మృదంగం లాంటి వాద్యాలు విడిగా వాయించే భాగం) ముగిసి పల్లవి మళ్ళీ ఎత్తుకున్నచోటా కచేరీ వినేవాళ్ళకి ఎందుకు వస్తుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

భరతుడు నాట్యశాస్త్రంలో రోమాంచాన్ని ఎనిమిది సాత్త్విక భావాల్లో (లోపలి భావం ఒంటి మీద తెలిసే గుర్తులు) వేశాడు. స్పర్శ, భయం, చలి, హర్షం, క్రోధం, రోగం వల్ల పుడుతుందన్నాడు. పైన మీరందరూ రాసిన కారణాల పట్టికకి ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి, రోగాన్ని కూడా వదల్లేదు.

సిరిమువ్వ

ఆఖరి ప్రశ్న. కావాలని తెప్పించుకునేవాళ్ళు ఉంటారని విన్నాను, నిజమేనా? నాడీపాఠం గారు కుదరదన్నారు కదా.

నాడీపాఠం

దాదాపు అందరికీ కుదరదు. కుదిరేవాళ్ళు బహు కొద్దిమంది ఉన్నారు. 2018లో అలాంటి 32 మందిని అడిగి చూశారు. చెవుల వెనకా, మెడ వెనకా ఏదో బిగించినట్టు మొదలుపెడితే అక్కణ్ణుంచి వీపు మీదికీ, చేతుల మీదికీ పాకుతుందని చాలామంది చెప్పారు. భయాన్నో, పాటనో గుర్తుతెచ్చుకుని కాదు, నేరుగానే. మీ క్లాసులో ఎవరైనా "నాకు వస్తుంది" అంటే కొట్టిపారెయ్యకండి, పక్క నుంచి టార్చి వేసి వీడియో తియ్యండి. ఐసు లేకుండా, ఫ్యాను ఆపి.